సింహం ఏ భాషలో మాట్లాడాలి?

అడవిలో సింహం ఏ భాషలోనూ మాట్లాడదు. సినిమాలో మాత్రం దానికి మాట్లాడక తప్పదు. అది ఏ భాషలో మాట్లాడాలో నిర్ణయించేది ఎవరు? కథ అల్లినవాడా, పెట్టుబడి పెట్టినవాడా, టిక్కెట్టు కొనేవాడా, లేక ఆ సినిమా వచ్చి ఆడే ఊరా? పిల్లల సినిమాకి సంబంధించిన చిన్న ప్రశ్నే. అయినా సొంత రాష్ట్రం కాని చోట బతుకుతూ, సొంత భాషను ఇంట్లో నిలుపుకోవాలని తాపత్రయపడే మనబోటివాళ్ళం దీని దగ్గర కాసేపు ఆగవలసి ఉంది.

ముందు సంగతి చెబుతాను. 2019లో డిస్నీవారి 'ది లయన్ కింగ్' కొత్త రూపంలో మన దేశానికి వచ్చింది. ఇంగ్లీషు, హిందీ, తమిళం, తెలుగు - ఈ నాలుగు భాషల్లో విడుదల చేశారు. తెలుగులో సింబాకు నాని గొంతు ఇచ్చాడు. దుష్టుడైన స్కార్‌కు జగపతిబాబు, అడవిపంది పుంబాకు బ్రహ్మానందం, దాని నేస్తం టిమోన్‌కు అలీ. 2024లో 'ముఫాసా' వచ్చింది, దానికి మహేశ్‌బాబు గొంతు. అదీ ఆ నాలుగు భాషల్లోనే. జపాన్‌వారు మూడు దశాబ్దాల కిందట తీసిన రామాయణం బొమ్మల సినిమాను బాగుచేసి 2025 జనవరిలో మళ్ళీ థియేటర్లకు పంపారు. అప్పుడూ అవే నాలుగు భాషలు.

అంటే, బెంగుళూరులో పుట్టిన తెలుగు పిల్లవాడికి తెలుగు సింహం దొరికింది. తమిళ పిల్లవాడికి తమిళ సింహం దొరికింది. ఉత్తరాది నుంచి ఉద్యోగాలకు వచ్చినవారి పిల్లలకు హిందీ సింహం దొరికింది. ఈ ఊరు ఎవరిదో ఆ కన్నడ పిల్లవాడికి మాత్రం తన భాషలో సింహం లేదు. మా అపార్టుమెంటులో ఒక కన్నడ కుర్రాడు పక్కింటి తెలుగు పిల్లలతో కూర్చుని ఆ సినిమా చూసి, పుంబా మాటల్ని అచ్చం బ్రహ్మానందం పోకడలోనే అప్పజెబుతూ ఉండేవాడు. పెద్దలందరం నవ్వుకున్నాం. వాడికి తెలుగు పట్టుబడిందని మనవాళ్ళకు కాస్త గర్వంగా కూడా ఉండేది. ఆ గర్వం న్యాయమైనదేనా అన్నదే నా ప్రశ్న.

కామర్సు చదువుకుని, బ్యాంకులో అంకెలతో కాపరం చేసినవాణ్ణి గనక ముందు లెక్కవైపు నుంచే వస్తాను.

బొమ్మల సినిమాకు ఒక సౌలభ్యం ఉంది. మనుషులు నటించిన సినిమాలో ముఖం, కట్టు, పెదవుల కదలిక ఒక దేశాన్ని పట్టిస్తాయి. బొమ్మకు ఆ ఇబ్బంది తక్కువ. ఏ గొంతు తగిలిస్తే ఆ గొంతుతో పలుకుతుంది. సినిమా తీయడానికి అయ్యే ఖర్చు పక్కన ఇంకో భాషలో మాటలు చెప్పించే ఖర్చు బహు స్వల్పం. కాబట్టి బొమ్మల సినిమా ప్రపంచమంతా ఒక్కలాగే ఆడాలి. కానీ ఆడదు. ఒక దేశంలో విరగబడి చూసిన సినిమాను పొరుగు దేశం కన్నెత్తి చూడదు. ఎందుకని?

వ్యాపారులు చెప్పే జవాబు ఒకటుంది: ఏ ఎండకా గొడుగు పట్టాలి. 2015లో పిక్సార్‌వారు 'ఇన్‌సైడ్ అవుట్' తీశారు. అందులో పసిపిల్ల బ్రకోలీ కూర చూసి మొహం తిప్పుకుంటుంది. జపాన్ పిల్లలు బ్రకోలీ ఇష్టంగానే తింటారని తెలిసి, అక్కడ విడుదల చేసిన ప్రతిలో బ్రకోలీ తీసేసి క్యాప్సికం పెట్టారు. 2016లో వచ్చిన 'జూటోపియా'లో వార్తలు చదివే జంతువు అమెరికాలో దుప్పి జాతిది, చైనాలో పాండా, ఆస్ట్రేలియాలో కోలా, బ్రెజిల్లో జాగ్వార్. ఇందులో నాకు తప్పేమీ కనబడదు. పిల్ల కూర వద్దనడం కథకు ముఖ్యం, ఏ కూర అన్నది కాదు. మన ఇళ్ళలోనైతే కాకరకాయ పెట్టాలి. అర్థం నిలవడానికి వస్తువును మార్చడం అనువాదకులు ఎప్పుడూ చేసే పనే.

కానీ ఇంకో రకం మార్పు ఉంది. జపాన్‌లో పుట్టిన డోరేమాన్ 2014లో అమెరికా టీవీలోకి వెళ్ళింది. వెళ్తూనే నోబితా పేరు 'నోబీ' అయింది. యెన్లు డాలర్లయ్యాయి. తినే పుల్లల చోట ఫోర్కులు వచ్చాయి. ఇక్కడ మార్చింది అర్థం నిలపడానికి కాదు, ఈ కుర్రాడు జపాన్‌వాడన్న సంగతి కనబడకుండా చేయడానికి. ఇంత వేషం కట్టినా అక్కడ రెండు సీజన్లతోనే ఆగిపోయింది. మన దేశానికి అదే డోరేమాన్ 2005లో ఏ వేషమూ లేకుండా వచ్చింది. నోబితా నోబితాగానే ఉన్నాడు. గడప దగ్గర జోళ్ళు విప్పి లోపలికి వెళ్ళాడు. లెక్కల పరీక్షలో సున్నా తెచ్చుకుని అమ్మ చేత చీవాట్లు తిన్నాడు. అంతకన్నా తెలిసిన సంసారం మనకేముంది? వాడు జపాన్‌వాడని మన పిల్లలకు తెలుసు. తెలిసే వాణ్ణి తమలో కలుపుకున్నారు.

రెండో జవాబు: ఎవరి కథ వాళ్ళకే వడ్డిస్తే కాదనరు. డిస్నీవారు 1998లో ఈ నమ్మకంతోనే చైనా జానపద కథ 'మూలాన్'ను తీశారు. ఆ ముందటేడు టిబెట్టు దలైలామా మీద అదే సంస్థ ఒక సినిమా విడుదల చేయడంతో చైనా ప్రభుత్వానికి కోపం వచ్చింది. 'మూలాన్' చైనాలో విడుదలయ్యేసరికి 1999 ఫిబ్రవరి, కొత్త సంవత్సరపు సెలవులు దాటిపోయాయి. సంతకు వెళ్ళేవాడు సంత ముగిశాక వెళ్ళినట్టయింది. ఆడింది అంతంతమాత్రం. కారణం సమయమొక్కటే కాదు. ఆ పిల్ల నడక, నవ్వు, ఆలోచన తమవి కావని అక్కడివాళ్ళు అన్నారు. తమ పిల్లను ఎవరో తీసుకుపోయి, పెంచి, తిరిగి తెచ్చి చూపిస్తే అమ్మకు ఎలా ఉంటుందో అలా ఉంది వాళ్ళకు.

పదేళ్ళ తరువాత, 2008లో, మరో అమెరికా సంస్థ 'కుంగ్ ఫు పాండా' తీసుకొచ్చింది. ఇదీ చైనా సరుకే, వండింది అమెరికాలోనే. ఇది మాత్రం అక్కడ 10 కోట్ల యువాన్ల వసూలు దాటిన తొలి బొమ్మల సినిమా అయింది. మన పాండా, మన కుంగ్ ఫు, మరి మనం ఎందుకు తీయలేకపోయాం అన్న మాట చైనావారి రాజకీయ సలహా సభ దాకా వెళ్ళింది.

ఇక 'కోకో' సంగతి చూడండి. పోయిన పెద్దలను తలుచుకునే మెక్సికోవారి పండుగ మీద పిక్సార్ తీసిన సినిమా. 2013లో ఆ పండుగ పేరును తమ వ్యాపారముద్రగా నమోదు చేయించుకోవాలని డిస్నీ దరఖాస్తు పెట్టింది. ఊరందరి పండుగకు ఒక కంపెనీ పట్టా పుచ్చుకోవడమేమిటని పెద్ద గొడవ అయింది. దరఖాస్తు వెనక్కు తీసుకున్నారు. అంతటితో ఆగలేదు. తమను ఎద్దేవా చేస్తూ బొమ్మలు గీసిన వ్యంగ్యచిత్రకారుడు లాలో అల్కరాజ్‌నే పిలిచి సలహాదారుగా పెట్టుకున్నారు. 2017లో సినిమా తయారయ్యాక అమెరికా కన్నా ముందు మెక్సికోలో విడుదల చేశారు. అక్కడ అప్పటిదాకా ఉన్న వసూళ్ళ రికార్డులన్నీ పడిపోయాయి. మరో విశేషం, అది చైనాలోనూ సుమారు 19 కోట్ల డాలర్లు రాబట్టింది. అమెరికాలో వచ్చింది 21 కోట్లు. చైనా కథతో వెళ్ళిన 'మూలాన్' ఓడిన చోట మెక్సికో కథతో వెళ్ళిన 'కోకో' గెలిచింది. ఎందుకంటే పెద్దలకు నీళ్ళు వదలడం చైనావాడికి తెలుసు. మనం మరిచిపోతే వాళ్ళు నిజంగా చనిపోతారన్న భయం వాడికీ ఉంది, మనకీ ఉంది.

ఈ రెండింటినీ పక్కన పెట్టి చూస్తే నాకు తోచేదిది. పరాయి ఊరికి వచ్చిన కథ ఆ ఊరి బట్ట కట్టిందా లేదా అన్నది అంత ముఖ్యం కాదు. అడిగి గడప దాటిందా, లోపల ఉన్నవాళ్ళ జ్ఞాపకానికి కాస్త చోటిచ్చిందా అన్నదే ముఖ్యం. తన పేరు తాను చెప్పుకుని, ఇంటివారి పేర్లు అడిగి తెలుసుకున్న అతిథికి పీట వేస్తాం. మారువేషంలో వచ్చి నేను మీ మేనమామనే అన్నవాణ్ణి అనుమానంగా చూస్తాం.

కానీ కొత్తవాడి మంచీచెడూ మనకెలా తెలుస్తుంది? బ్యాంకులో కొన్నాళ్ళు విదేశీ వ్యాపారం చూసే విభాగంలో పనిచేశాను. అక్కడ లెటర్ ఆఫ్ క్రెడిట్ అని ఒకటుంది. సరుకు పంపేవాడు ఒక దేశంలో, కొనేవాడు మరో దేశంలో. ఒకరి మొహం ఒకరు ఎరగరు. మధ్యలో ఇద్దరికీ నమ్మకమైన బ్యాంకు నిలబడి, కాగితాలన్నీ సరిగా ఉంటే డబ్బుకు నాదీ పూచీ అంటుంది. ఆ పూచీ మీదే సముద్రాలు దాటి సరుకు నడుస్తుంది. ఆఫ్రికా అడవిలో ఉన్న అడవిపందిని మన ఇంట్లోకి రానిచ్చింది అలాంటి పూచీయే. అది బ్రహ్మానందం గొంతు. 2019లోనే వచ్చిన 'ఫ్రోజెన్ 2'లో మంచుదేశపు రాణి ఎల్సాకు తెలుగు గొంతు ఇచ్చింది నిత్యా మేనన్. మలయాళీ ఇంట, ఈ బెంగుళూరులో పుట్టిన అమ్మాయి. ఉత్తర ధ్రువం దగ్గరి కథకు తెలుగు పూచీ మన ఊరి పిల్ల ఇచ్చిందన్నమాట.

అయితే ఆ విభాగంలో మొదటి రోజునే నేర్పే సూత్రం ఇంకొకటుంది. బ్యాంకు చూసేది కాగితాలను, సరుకును కాదు. పెట్టె విప్పాక లోపల రాళ్ళుంటే బ్యాంకుది పూచీ కాదు. రజనీకాంత్ కన్నా పెద్ద పూచీ దక్షిణాదిలో ఎవరున్నారు? ఆయన రూపంతోనే బొమ్మగా తీసిన 'కోచ్చడయాన్' తెలుగులో 'విక్రమసింహ' పేరుతో 2014 మేలో వచ్చింది. పేరు చూసి జనం వచ్చారు. తెర మీద బొమ్మ కళ్ళలో జీవం లేదు, ఆయన నడకలోని వడి లేదు. పెట్టె విప్పి చూసి వెళ్ళిపోయారు.

ఇంకో సంగతి. కథకు ఊళ్ళో పాతుకోవడానికి ఎంతకాలం పడుతుందో బాక్సాఫీసు లెక్కకు తెలియదు. దానికి తెలిసింది మొదటి శుక్రవారం, శనివారం, ఆదివారం. జపాన్‌వారి రామాయణమే తీసుకోండి. యూగో సాకో అనే ఆయన అలహాబాదు దగ్గరి తవ్వకాల మీద డాక్యుమెంటరీ తీయడానికి వచ్చి, రామాయణం చదివి ముగ్ధుడై, ఇది బొమ్మల్లో తీయాలని పట్టుపట్టాడు. పరాయివాడు మన రామాయణాన్ని కార్టూను చేయడమా అని 1980లలో అభ్యంతరాలు లేచాయి. మన ప్రభుత్వం చేయి కలపలేదు. ఆయన మానలేదు. మన దేశపు చిత్రకారుడు రామ్‌మోహన్‌ను జతచేసుకుని, పాటలు సంస్కృతంలోనే ఉంచి, జపాన్‌లోనే పూర్తి చేశాడు. 1993 జనవరిలో ఢిల్లీ చలనచిత్రోత్సవంలో చూపారు. అప్పట్లో థియేటర్లలో అది ఆడిందని చెప్పడానికేమీ లేదు. తరువాత టీవీలో వేశారు. సెలవుల్లో వేశారు, మళ్ళీ వేశారు. ఒక తరం పిల్లలకు రాముడి మొహమంటే ఆ బొమ్మే అయింది. 2025లో థియేటర్లకు మళ్ళీ వచ్చినప్పుడు తమ పిల్లల చేయి పట్టుకుని వెళ్ళింది ఆ పిల్లలే. మొదటి వారం ఓడిన సినిమా ముప్ఫయ్యేళ్ళకు గెలిచింది. ఏ బ్యాలెన్సు షీటులో రాస్తాం దీన్ని?

అంతకన్నా పెద్ద ఉదాహరణ ఉంది. 2025లో చైనాలో 'నేజా 2' అనే బొమ్మల సినిమా వచ్చింది. 200 కోట్ల డాలర్లు దాటిన వసూలు. ప్రపంచంలో ఇంతవరకు ఏ బొమ్మల సినిమాకీ అంత రాలేదు. దాదాపు అంతా చైనాలోనే వచ్చింది, బయట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఇంట గెలిచింది గానీ రచ్చ గెలవలేదు. మన దగ్గరా అంతే, వచ్చింది, పోయింది. అయితే ఆ నేజా ఎవరు? పరిశోధకులు చెప్పేదాన్ని బట్టి ఆ పేరు, ఆ దేవుడు మన నలకూబరుడే. కుబేరుడి కొడుకు. భాగవతంలో మద్దిచెట్టై నిలబడి, చిన్నికృష్ణుడు రోలు ఈడ్చుకుంటూ వచ్చి కూలదోస్తే శాపం తీరినవాడు. బౌద్ధ గ్రంథాల వెంట ఎన్నో శతాబ్దాల కిందట చైనా చేరాడు. అక్కడివాళ్ళు పేరు పలికిన తీరు మార్చారు, కథ మార్చారు, వాళ్ళ పిల్లవాణ్ణి చేసుకున్నారు. తెర మీద వాడు తిరిగి వస్తే పోతన భాగవతం ఇంట్లో ఉన్న మనమే గుర్తుపట్టలేకపోయాం. కథలు దేశాలు దాటడం కొత్త కాదు. కొత్తగా వచ్చింది తొందర ఒక్కటే.

ఈ మాటకు మరో వైపు 'మహావతార్ నరసింహ'. అశ్విన్ కుమార్ తీసిన ఈ బొమ్మల సినిమాను బెంగుళూరుకు చెందిన హొంబాళె సంస్థ 2025 జూలైలో అయిదు భాషల్లో, కన్నడంతో కూడా కలిపి, విడుదల చేసింది. 300 కోట్ల రూపాయలు దాటింది. మన దేశపు బొమ్మల సినిమాల్లో ఏదీ ఇంత ఆడలేదు. ఇందులో వింత లేదు. తెలుగులో తొలి టాకీయే 1932 నాటి 'భక్త ప్రహ్లాద'. 1967లో ఎస్.వి.రంగారావు హిరణ్యకశిపుడు, రోజారమణి ప్రహ్లాదుడు. కన్నడంలో 1983లో డాక్టర్ రాజ్‌కుమార్ హిరణ్యకశిపుడు, ఆయన కొడుకు పునీత్ ప్రహ్లాదుడు. తండ్రీ కొడుకుల కథను నిజంగా తండ్రీ కొడుకులే ఆడారు. కన్నడిగులు దాన్ని ఇప్పటికీ కన్నీళ్ళతో తలుచుకుంటారు. కొత్త బొమ్మ ఈ రెండు ఇళ్ళలోకీ వెళ్ళింది. తెలుగువాడు అందులో రంగారావును వెదుక్కున్నాడు, కన్నడిగుడు రాజ్‌కుమార్‌ను వెదుక్కున్నాడు. ఇద్దరికీ ఎవరి భాషలో వారికి మాట వినబడింది. కన్నడ పిల్లవాడికి ఈసారి సింహం, సగం మనిషి అయితేనేం, కన్నడంలో గర్జించింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. 2019లో, 2024లో ఆ పిల్లవాడికి ఎందుకు దక్కలేదు?

దీనికి వెనక ఒక చరిత్ర ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. 1960ల మొదట్లో కన్నడ సినిమా బహు చిన్నది. మద్రాసు స్టూడియోల్లో, తెలుగు, తమిళ చిత్రాలు పోగా మిగిలిన రోజుల్లో తీసుకునేవారు. పెద్ద తెలుగు, తమిళ చిత్రాలకే కన్నడ మాటలు తగిలించి తెస్తే ఇక కన్నడంలో వేరే సినిమా తీసేవాడెవడు? మన 'మాయాబజార్' కూడా అలా కన్నడం మాట్లాడినదే. రచయిత అ.న.కృ., నటుడు రాజ్‌కుమార్ వంటివారు ఉద్యమం లేవదీశారు. డబ్బింగు ఆగింది. చట్టం కాదు, మాట. ఆ మాట మీద అర్ధ శతాబ్దం నడిచింది. కన్నడ నటులకు, సాంకేతికులకు, పాటగాళ్ళకు అన్నం దొరికింది. కన్నడ సినిమా తన కాళ్ళ మీద నిలబడింది. అప్పుడా గోడ కట్టినవారిని తప్పు పట్టలేను.

కానీ గోడ కట్టిన కారణం తీరిపోయాక కూడా గోడ ఉంటే దాని నీడ ఎవరి మీద పడుతుందో చూడాలి. పెద్దవాళ్ళు ఏ భాషలోనైనా చూసుకున్నారు. పిల్లలు పొరుగు భాషల్లో చూశారు. 2009లో చింటూ టీవీ వచ్చి డోరా చేత కన్నడం మాట్లాడించేదాకా పిల్లల బొమ్మలంటే పరభాషే. చివరకు ఫిర్యాదు చేసింది నిర్మాతలు కాదు, 'కన్నడ గ్రాహకర కూట' అనే వినియోగదారుల సంఘం. మా భాషలో మాకు కావాలి అని వాళ్ళు అడిగారు. 2015లో కాంపిటీషన్ కమిషన్ ఆ నిషేధం చెల్లదంది, కర్ణాటక చలనచిత్ర వాణిజ్య మండలికి జరిమానా వేసింది. 2017 మార్చిలో సుప్రీం కోర్టు, హిందీ మహాభారతం సీరియల్‌ను బెంగాలీ మాటలతో రానివ్వని వ్యవహారంలో, అదే దారిలో తీర్పు చెప్పింది. అదే నెలలో ఒక తమిళ చిత్రం కన్నడ మాటలతో థియేటర్లకు వచ్చింది. 2023లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ బొమ్మల సినిమా కన్నడంతో సహా పది భాషల్లో విడుదలైంది. అయినా 2024 నాటి సింహం కన్నడం పలకలేదు. గోడ పోయింది, ఇక మిగిలింది లెక్క.

ఆ లెక్క నాకు తెలిసినదే కాబట్టి చెబుతున్నాను. "బెంగుళూరులో కన్నడిగులకు తెలుగు వస్తుంది, తమిళం వస్తుంది, హిందీ వస్తుంది, ఇంగ్లీషు వస్తుంది. ఇంకో ప్రతి ఎందుకు?" పైకి చూస్తే ఇందులో తప్పు లేదు. నలుగురితో నాలుగు భాషలు మాట్లాడగలిగిన మర్యాదస్తుడికి ఆ మర్యాదే శిక్ష అయింది, అంతే.

ఇదే వాదం మనమూ విన్నాం. "మీకు కన్నడం వస్తుంది కదా, తెలుగు బడి ఎందుకు? తెలుగు పుస్తకాలు లైబ్రరీలో ఎందుకు? తెలుగులో అర్జీ ఎందుకు?" ఈ మాట విన్నప్పుడల్లా మనం చెప్పే సమాధానం ఒకటే. అర్థం కావడం వేరు, మనదనిపించడం వేరు. వచ్చిన భాషలన్నీ పనికి వస్తాయి. కల రావడానికి, భయం వేసినప్పుడు అమ్మను పిలవడానికి ఒకటే ఉంటుంది. పిల్లవాడు మొదటిసారి ఆశ్చర్యపోయేది ఆ భాషలోనే. ఈ సమాధానం మన విషయంలో నిజమైతే కన్నడ పిల్లవాడి విషయంలోనూ నిజం. సంఖ్యాబలం ఉన్నచోట లెక్కను, లేనిచోట న్యాయాన్ని ఆశ్రయించడం మన సౌకర్యం కావచ్చు, ధర్మం మాత్రం కాదు.

భాషను కాపాడుకోవడానికి కథను ఆపడమూ దారి కాదని పొరుగు దేశం చూపింది. 2013లో బంగ్లాదేశ్ ప్రభుత్వం డోరేమాన్ ప్రసారాన్ని ఆపేసింది. జపాన్ కథ అని కాదు. అది హిందీలో వచ్చేది, పిల్లలు ఇంట్లో హిందీ మాట్లాడసాగారు. భాష కోసం ప్రాణాలిచ్చిన దేశం, వారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ రోగం డోరేమాన్ కాదు, బెంగాలీ డోరేమాన్ లేకపోవడం. మందు అక్కడే ఉంది.

మరి మాటలే లేకుండా తీస్తే ఏ గొడవా ఉండదు కదా అనవచ్చు. అదీ చేసి చూపినవాళ్ళున్నారు, ఇద్దరూ మనవాళ్ళే. 'మాయాబజార్'కు కె.వి.రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1987లో ఈ బెంగుళూరులోనే 'పుష్పక విమాన' తీశాడు. ఒక్క మాట లేదు. ప్రతి భాషవాడూ తనదనుకున్నాడు. ఆయనే 2008లో 'ఘటోత్కచ' బొమ్మల సినిమా కూడా తీశాడు. హైదరాబాదులో రాజీవ్ చిలక సంస్థ 2019లో తీసిన 'మైటీ లిటిల్ భీమ్'లో బుడతడికి ఇంకా మాటలు రాలేదు. పాకుతూ, లడ్డూలకు ఎగబడుతూ దేశాలు దాటిపోయాడు. రెండూ గొప్ప పనులు. కానీ ప్రయాణానికి మూగతనమే టిక్కెట్టు అయితే లోకంలో భాషలెందుకు? బుడతడికి మాటలు రాని వయసు ముచ్చటే. వాడికి ఎప్పటికీ మాటలు రాకపోతే ఇంట్లో ఎవరూ సంతోషించరు.

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. 2011లో వచ్చిన 'పుస్ ఇన్ బూట్స్' అనే అమెరికా పిల్లి సినిమాలో చెప్పుకోదగ్గ భాగం ఈ బెంగుళూరులోనే తయారైంది. ఇక్కడి టెక్నికలర్ సంస్థలో డ్రీమ్‌వర్క్స్ కోసం ప్రత్యేకంగా ఒక విభాగం పనిచేసేది. 2025 ఫిబ్రవరిలో మాతృసంస్థ కూలిపోవడంతో ఆ ఆఫీసూ మూతపడింది, వేలమంది వీధిన పడ్డారు. ఎన్నో ఏళ్ళు ఈ ఊరి పిల్లలు పగలూ రాత్రీ కూర్చుని పరదేశపు జంతువుల పెదవులను ఇంగ్లీషు మాటలకు తగ్గట్టు కదిలించారు. పెదవి కదిపిన చేయి కన్నడిగుడిది, తెలుగువాడిది. మాట మాత్రం వాళ్ళది కాదు. కూలి వచ్చింది, నిజమే. కూలితో పాటు, తాను చేసిన బొమ్మ తన బిడ్డతో తన భాషలో మాట్లాడటం కూడా రావలసిన బాకీయే అని నా అభిప్రాయం.

సినిమా ఎక్కడ ఆడుతుంది, ఎక్కడ ఆడదు అన్నది ఎవరూ ముందుగా చెప్పలేరు. ఆడినా ఆడకపోయినా అడగవలసింది మాత్రం ఒకటుంది, ఈ ఊరి బిడ్డను ఈ కథ పలకరించిందా అని. అతిథికి మర్యాదలు ఉన్నట్టే, ముందే వచ్చి స్థిరపడ్డ అతిథికీ కొన్ని ఉంటాయి. మనం తరాలుగా ఇక్కడ ఉన్నాం. మన పంక్తిలో వడ్డన అయిందని తెలిశాక, ఇంటివారి విస్తరి కేసి ఒకసారి చూడటం అందులో ఒకటి.

వ్యాపారికి అడగని గిరాకీ కనబడదు. బ్యాంకులోనూ అంతే, ఎవరూ నింపని ఫారానికి ఎవరూ అప్పు మంజూరు చేయరు. కనుక ఈసారి తెలుగు సింహానికి టిక్కెట్టు కొనేటప్పుడు, చిల్లర తీసుకుంటూ కౌంటరులో ఒక్క మాట అడుగుదాం: "కన్నడదల్లి ఇల్లవా?" తెలుగువాళ్ళు నలుగురు అడిగితే, ఆ మాటకు కొంచెం ఎక్కువ బరువే ఉంటుంది.